సొరపాదులో కడిగిన కాళ్లు

మా కోడలు బియ్యం కడిగిన నీళ్లు సింకులో పారబోస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. చాదస్తమని నవ్వుకుంటుంది. నవ్వుకోనీ. నేను టీచరునైంది అట్లాంటి నీళ్ల పుణ్యమే.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, జమ్మలమడుగు బయట గులకరాళ్ల మిట్ట మీద ఆడపిల్లలకు టీచరు ట్రైనింగు బడి ఒకటుండేది. పాఠాలు వేపచెట్ల కింద, పడక ఆరుబయట. మా అందరికీ ఒకటే బావి. ఎండాకాలం వస్తే చేదలో నీళ్లకంటే బురదే ఎక్కువ. ఏ నీళ్లయినా రెండు పనులకు రావాలని మా పెద్ద టీచరమ్మ పట్టుదల. కడపబండ మీద నిలబడి సీకాయతో తలంటుకుంటే ఆ నీళ్లు కాలువ వెంట సొరపాదుకు పోయేవి. గిన్నెలు కడిగినవి వంగమొక్కలకు. 'ఇదేం పీనాసి బతుకురా దేవుడా' అని మొదట్లో నేను తిట్టుకోని రోజు లేదు.

ఆ ఎండల్లో బావి అడుగంటిందని పులివెందుల పక్క మా ఊరికి ఎవరో కబురు మోశారు. మా నాయన బస్సు దిగనే దిగాడు. నన్ను చదువుకు పంపడమే ఆయనకు సగం ఇష్టం. ఇంటికి తీసుకుపోతే మళ్లీ పంపడని నాకు తెలుసు.

"పెట్టె సర్దుకో పాపా. నీళ్లు ల్యాక ఈడ ఎండిపోతావా?"

కంగారులో ఇంటి అలవాటు కొద్దీ గడప ముందే ఆయన కాళ్లకు చెంబుతో నీళ్లు తెచ్చాను. పెద్ద టీచరమ్మ ఆపింది. "ఈడ కాదప్పా. ఆ సొరపాదులో నిలబడి కడుక్కోండి."

"ఏందమ్మా, ఇంటికొచ్చినోన్ని పాదులో నిలబెడతారా?"

"కలెక్టరొచ్చినా ఆడనేప్పా."

విసురుగానే పోయి కడుక్కొచ్చాడు. జొన్నసంగటి, సొరకాయ పప్పు వడ్డించాం. పప్పు రెండోసారి వేయించుకుని, "శానా లేతగుంది. యాడిదీ కాయ?" అన్నాడు. నా నోరు ఊరుకుంటేగా!

"మా స్నానాల నీళ్లతో కాసింది నాయనా."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. శుభ్రం పట్టింపు బాగా ఉన్న మనిషి. నోటిదూలతో చదువు పోగొట్టుకున్నానని నాకు ఏడుపొచ్చింది.

ఆయన సొరపందిరి వైపు చూశాడు. "ఈ యేడు మన చేన్లో గడ్డి గూడా మొల్చల్యా," అన్నాడు మెల్లగా. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

తిన్నాక చెంబు అందించాను. సగం తాగి, మిగిలిన నీళ్లతో లేచి సొరపాదు దగ్గరికి పోయాడు. ఎవరూ చెప్పకుండానే అక్కడ నిలబడి చేయి కడుక్కున్నాడు. ఆ టీచరమ్మనూ ఆయననూ తలుచుకుని ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

నా పెట్టె ఊసే ఎత్తలేదు. "కాయలు ముదరనీయగాకు పాపా," అని చెప్పి, సాయంత్రం బస్సుకు ఒక్కడే పోయాడు.