కంప్యూటరుకు తలంటు

ఆ రోజుల్లో ఫోన్లో నాలుగు వీడియోలు చూస్తే ఏ పనైనా చేసేయొచ్చని నమ్మేవాణ్ణి. ఐటీఐ అప్పుడే పూర్తయింది. మాది విడవలూరు దగ్గర సముద్రపొడ్డు ఊరు; నాయనది చేపల వేట. కావలిలో కార్ల షెడ్డు నడిపే మేస్త్రి దగ్గర చేరాలని నా ఆశ. నాయన మాత్రం పడవెక్కమనేవాడు. అంతలో చేపలు తోలడానికి కొన్న మా పాత కారు మొండికేసింది. ఇంజిన్ను నడిపే కంప్యూటరు పెట్టెలో తేడా ఉన్నట్టుందని, దాన్ని ఊడదీసి తెమ్మని మేస్త్రి ఫోన్లో చెప్పాడు. "బండి లేస్తే షెడ్డుకు పో. లేకుంటే నాతో వేటకు రా," అని నాయన తేల్చేశాడు.

పని మహా శ్రద్ధగా చేశాను (ఆ శ్రద్ధ చదువులో చూపి ఉంటే అమ్మ ఎంత సంతోషించేదో). తాళంచెవి తీసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, పావుగంట ఆగాను. ఒంట్లోని కరెంటు పెట్టెకు తగలకుండా ముందు కారు ఇనుమును ముట్టుకున్నాను. వైర్లు పట్టి లాగకుండా, ప్లగ్గుకున్న లాకు ఎత్తి మెల్లగా ఊడదీశాను. బోల్టులన్నీ పళ్లెంలో పెట్టాను. తీరా చూస్తే, చేపల బుట్టల నీళ్లు కారీ కారీ పెట్టె పిన్నుల నిండా తెల్లగా ఉప్పు. ఉప్పునీరు తగిలిన పడవ ఇంజిన్ను మా ఇళ్లలో మంచినీళ్లతో కడిగాకే ఇంకో పని. చిన్నప్పటి నుంచి ఆ కడిగే పని నాదే. చేతులు వాటంతటవే పెట్టెను బకెట్‌లో ముంచేశాయి.

అటుగా వచ్చిన నాయన కాసేపు చూసి, "ఏందిరా, కంప్యూటరుకు తలంటు పోస్తా ఉండావా?" అన్నాడు. నేనేం చేస్తున్నానో అప్పుడు తెలిసింది. పెట్టెను గబుక్కున బకెట్లోంచి పైకి లాగాను.

పెట్టెను తువ్వాల్లో చుట్టుకొని కావలి బస్సెక్కాను. దారంతా అబద్ధాలు అల్లుకుంటూ పోయాను గానీ, మేస్త్రి మొహం చూడగానే ఒక్కటీ గుర్తురాలేదు.

"నీళ్లలో ముంచినానన్నా," అన్నాను.

"బ్యాటరీ వైరు తీసినాకా, తీయకముందా?"

"తీసినాకే అన్నా."

"అయితే బతికుంటాదిలే. ఇంకెప్పుడూ ముంచబాక."

మూత విప్పి చూపించాడు. అదృష్టం, లోపల పొడిగానే ఉంది. పిన్నులకు పట్టిన ఉప్పే బండి రోగమని చెప్పి, మిగిలింది శుభ్రం చేసి, బాగా ఆరబెట్టి ఇచ్చాడు. "ముంచినానని నోటితో చెప్పినోణ్ణి నిన్నొక్కణ్ణే చూసినా," అని నవ్వాడు.

మర్నాడు పెట్టె బిగించి తాళం తిప్పితే బండి మొదటి దెబ్బకే లేచింది. నాయన చాలాసేపు ఆ శబ్దం వింటూ నిలబడి, "కావలికి పొద్దున బస్సు ఎన్నింటికిరా?" అన్నాడు. ఏడుపు కనబడకుండా నేను బానెట్ కింద తల దూర్చి, అక్కడ లేనిదేదో వెతుకుతూ ఉండిపోయాను. ఇన్నేళ్ల తరవాత ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.