టీచరుగారి నోటుబుక్కులో ప్రెసిడెంటు తీగ

మా సైన్సు టీచరుగారు పోయారని కబురందేసరికి నేను అంబాజీపేటలో లారీకి కొబ్బరికాయలు ఎత్తిస్తున్నాను. పదో తరగతి రెండుసార్లు తప్పి చదువుకి దణ్ణం పెట్టేసినవాణ్ణి. ఆవిడ గురించి రాయడానికి నీకేం అర్హతుందని అడిగేవాళ్ళుంటారు. ఉంది. ఆవిడ నోటుబుక్కులో నా పేరుంది.

కాలవగట్ల మీద పాకే పసుపు పూల తీగ చూసే ఉంటారు. ఎవరో కుండీలో పెంచుకుందామని తెచ్చిన పరదేశపు మొక్క. కుండీ దాటి ఊళ్ళు పట్టేసింది. రిటైరయ్యాక టీచరుగారికి దానితోనే పని. ఏ ఊరిదాకా పాకిందో, ఏ ఊళ్ళో ఏమంటారో గొడుగేసుకుని తిరిగి రాసుకునేవారు. రాజోలు వైపు ఒక పేరు, ఐనవిల్లి వైపు ఇంకోటి. గడ్డికోసే ఆడవాళ్ళ దగ్గర కూడా పెన్ను పట్టుకుని నిలబడి, "ముందు మీ పేరు చెప్పండమ్మా, తరవాత దాని పేరు" అనేవారు. ఇంటిపేరుతో సహా రాసేవారు.

ఒకరోజు టీకొట్టు దగ్గర నన్నడిగారు. నాకు నోటి దురద. "ప్రెసిడెంటు తీగంటారండి. గట్టు కనిపిస్తే పాకేస్తది, ఓసారి కూర్చుంటే మరి లెగదు" అన్నాను. అప్పటి మా పంచాయతీ ప్రెసిడెంటుగారు కాలవగట్టు మీద షెడ్డేసిన రోజులవి. టీచరుగారు నవ్వకుండా రాసుకున్నారు.

ఏడాది తిరిగేసరికి కాలవ అవతల ఊళ్ళో గడ్డికోసేవాళ్ళు ఆవిడకి అదే పేరు చెప్పారు. నన్ను పిలిపించారు.

"ఆ పేరు నువ్వు ఉత్తినే అన్నావు కదరా?"

"ఆయ్, ఉత్తినేనండి. కొట్టేయండి."

"నేనెందుకు కొట్టేస్తాను? ఏ పేరైనా మొదట ఎవరో ఒకరు ఉత్తినే అన్నదే. ఊళ్ళోవాళ్ళు మన పేటకి పేరు పెట్టినప్పుడు మనల్నెవరైనా అడిగేరా? అందుకే నేను అడిగి రాస్తున్నాను."

ఇప్పుడు ఆవిడ జ్ఞాపకార్థం ఆ నోటుబుక్కుని అచ్చు వేస్తారట. ఆ పాత ప్రెసిడెంటుగారే కమిటీకి పెద్ద. "సరదాకన్నానని ఒక ముక్క రాసిచ్చేయ్, ఆ పేజీ తీసేద్దాం" అని నన్ను మర్యాదగానే అడిగారు. సరదాకే అన్నాను. రాసి మాత్రం ఇవ్వను. ఆ పేజీలో నా పేరు కింద గడ్డికోసే ఆడవాళ్ళ పేర్లున్నాయి. నాది కొడితే వాళ్ళవీ పోతాయి. వాళ్ళ పేర్లు ఇంకెవరు అచ్చు వేస్తారు? నోటుబుక్కు టీచరుగారి అమ్మాయి దగ్గరుంది. "అమ్మ కొట్టనిది నేను కొట్టనండి" అందావిడ. ఆ పేజీ లేని పుస్తకం మా పేటలో ఎవరూ చేత్తో ముట్టరు. ఇది బెదిరింపే.

నిన్న సమాధుల తోటకి వెళ్ళాను. టీచరుగారి మీద మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. గట్టు మీది తీగ కంచె కిందనుంచి దూరి అక్కడిదాకా వచ్చేసింది. తోట శుభ్రం చేసే ఆవిడ కొడవలి పట్టుకుని, "ప్రెసిడెంటు తీగండి. పీకేయమంటారా?" అంది.

"ఆ పేరెవరు పెట్టేరమ్మా?"

"ఒకరు పెట్టడమేంటండి. మా అత్తగారి కాలం నించీ అంతేనండి."

ఉండనివ్వమన్నాను. జేబులో పెన్ను వెతుక్కుంటూ, ముందు ఆవిడ పేరడిగాను. ఆవిడ నవ్వి, కొడవలి చంకలో పెట్టుకుని, ఇంటిపేరు నుంచి మొదలుపెట్టింది. మట్టి మీద తీగ అప్పటికే రెండు కణుపుల దగ్గర వేళ్ళు దించేసింది. మూడో కణుపు ఒక్క పసుపు పువ్వు ఎత్తి పట్టుకుని, శిలువ వైపు పాకుతోంది.