దారంతో కోసిన క్నెడ్లీక్

మా చిన్నప్పుడు... సౌదీలోని రాబిగ్‌లో, ప్లాంటు క్వార్టర్సులో, శుక్రవారం మధ్యాహ్నం భోజనం హానా ఆంటీ ఇంట్లోనే. ఆమెది చెక్ దేశం, భర్త ఇంజినీరు. మా నాన్న అదే ప్లాంటులో మెయింటెనెన్సు. నాతోపాటు పక్కింటి లత కూడా వచ్చేది. ఇద్దరివీ కరీంనగర్ నుంచి వచ్చిన కుటుంబాలు.

ఆంటీ మైదాలో పాత రొట్టె ముక్కలు కలిపి, మూరెడు పొడుగు ముద్ద చేసి ఉడికించేది. దాని పేరు క్నెడ్లీక్. కత్తి తగలనిచ్చేది కాదు... అణిగిపోతుందట. కుట్టుదారం కింద నుంచి పోనిచ్చి, కొసలు పైన దాటించి లాగాలి. ఆ పని లతది.

"నీయి మొద్దు చేతులురా. నువ్వు తిను, సాలు," అనేది లత.

దాని మీదికి సోయకూర, అంటే డిల్ ఆకు, మీగడ, కాస్త వెనిగర్, చక్కెర వేసిన తెల్లటి పులుసు. పక్కన ఉడికించిన గుడ్డు. ఇంకో వారం ఆలుగడ్డ తురుము, వెల్లుల్లి కలిపి కాల్చిన అట్టు... బ్రంబొరాక్. ఒకసారి లోపల పండు పెట్టి ఉడికించిన ఉండలు, పైన వెన్న, చక్కెర. నేను అన్నం కోసం చూస్తూ కూర్చున్నాను.

"ఇంకేం రాదు. గిదే బువ్వ," అని లత తొడ గిల్లింది.

పెద్దయ్యాక నాకూ లతకూ పెళ్లయింది. రియాద్‌లో కాపురం. ఆ వంటలన్నీ లత చేతికి వచ్చాయి.

నిరుడు లత చనిపోయింది.

మొన్న శుక్రవారం ఇక్కడి బతా బజారు దగ్గర మనవాళ్ల కలయిక. వంటల బల్ల మీద ఒక పళ్లెం, ముందు అట్టముక్క... 'లత వదిన స్పెషల్, చెక్ వంట'. ఇడ్లీ పిండిని పొడుగ్గా ఆవిరికి పెట్టి, కత్తితో కోశారు. పైన సాంబారు.

చేయించింది మనవాళ్ల గ్రూపులోని శేఖర్. మా ఇంట్లో తిన్న ప్రతిసారీ "వదినా, ఈ సబ్బుబిళ్లతోని బట్టలు ఉతకాల్నా, తినాల్నా?" అన్నవాడు. లత నవ్వేది. అతను వెళ్లాక నవ్వేది కాదు. చివరికి ఎవరొచ్చినా చేయడం మానేసింది.

"అన్నా, వదిన యాదిల చేసినం. జర టేస్టు చూడు."

"ఆమె పేరు తీసెయ్."

"అరే... అందరు మస్తుందంటున్రు."

"పేరు తీసెయ్ శేఖర్."

"మంచికి పోతే గిట్లనే ఉంటది. ఎన్నొద్దులు మూతి ముడుసుకొని కూసుంటవన్నా? ఖలాస్. ముందుకు పోవాలె."

అట్టముక్క నేనే తీసి చింపాను. ఇప్పుడు గ్రూపులో నాకు పొగరట. అనుకోనివ్వండి. అది లత వంట కాదు. దాని మీద ఆమె పేరు ఉండకూడదు. అంతే.

చెక్ వంట రుచి చూడాలని ఉంటే సోయకూర పులుసుతో మొదలుపెట్టండి. సాంబారు వద్దు.

అప్పట్లో మా అమ్మ ఆ పులుసు వాసన పడదని హానా ఆంటీ ముఖం మీదే చెప్పి, మళ్లీ శుక్రవారం ఆ పులుసుకే గిన్నె పట్టుకుని వెళ్లేది. ఇప్పుడు మనిషి ఉండగా వెక్కిరించి, పోయాక బాగుందంటున్నారు...

మీరు వెక్కిరించిన వంట ఏదైనా ఉంటే, చేసిన మనిషి దగ్గరకు వెళ్లి ఒక ముద్ద అడిగి తినండి. ఏం తిన్నారో కింద రాయండి. బతికున్నవాళ్ల గురించే రాయండి.