నీళ్లు తక్కువ తాగమన్న మాట

ఆళ్లగడ్డలో మేం అద్దెకున్న వరుస గదులన్నిటికీ మరుగుదొడ్డి ఒక్కటే. ఐదు కుటుంబాలకు అదే దిక్కు. దాని తాళంచెవి ఇంటామె వంటగదిలో మేకుకు వేలాడేది. ఎవరికి అవసరమొచ్చినా ఆమె వాకిట్లో నిలబడి అడగాలి. మా అమ్మకు షుగరు కాబట్టి మిగతావాళ్ల కంటే ఎక్కువసార్లు నిలబడేది. ఒక మధ్యాహ్నం ఇంటామె తాళంచెవి అందిస్తూ, "ఎన్ని తూర్లు పోతావమ్మా? నీళ్లు రోంత తక్కువ తాగు" అంది. పక్కగదుల వాళ్లు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ రోజు ఇంటామె కట్టుకున్న చీర రంగు కూడా నాకింకా గుర్తుంది.

తరువాత నంద్యాలలో, ఒక సందులో చిన్న స్థలం దొరికింది. గోడలకు పూత పడకముందే మరుగుదొడ్డి కట్టించాను. ప్రభుత్వ సాయం కోసం ఎన్నిసార్లు తిరిగానో ఇక్కడ రాయను గానీ, ఫోటో సరిగా అతకలేదని నా దరఖాస్తును బల్ల మీద నుంచి తోసేసిన మనిషిని మాత్రం మరచిపోలేదు. కట్టడం పూర్తయిన రోజు అమ్మతో, "ఇంక తాళం అడిగే పని లేదు, కడుపునిండా నీళ్లు తాగు" అన్నాను.

కట్టేటప్పుడు, మరుగుదొడ్డి గుంత ఇంటి ముందర తవ్వితే మేలని మేస్త్రీ చెప్పాడు. "నిండినప్పుడు బండి పైపు ఈడికైతే అందుతాదన్నా. ఎనక తవ్వితే తోడేదెట్ల?" అన్నాడు. మా పక్క ఇల్లు సందు మొగదలలో ఉంటుంది. అందులో ముందరి గది కిరాణా అంగడి. ఆ అంగడాయన బయటికొచ్చి, "సరుకులకొచ్చేటోళ్లు ముక్కు మూసుకొని రావాల్నా? ఎనక తవ్వుకోప్పా" అని నలుగురి ముందు అన్నాడు. వెనకే తవ్వించాను. కానీ ఆయన అంగడి మెట్టు సందులోకి వచ్చిందని మున్సిపాలిటీకి అర్జీ పెట్టాను. వాళ్లొచ్చి దాన్ని పగలగొట్టి పోయారు. ఆ తరువాత మా ఇద్దరికీ మాటల్లేవు.

పోయిన వానాకాలం నేలంతా నాని, గుంత నిండిపోయింది. చెంబెడు నీళ్లు పోస్తే లోపలిది పైకి వచ్చేది. తోడే బండిని పిలిపించాను. బండి సందులోకి దూరలేదు. రోడ్డు మీద నిలబెట్టి, పైపును సందులోంచి తిప్పి మా ఇంట్లోంచి పెరట్లోకి లాగారు. గుంత దాకా చాలలేదు. బండి మనిషి అంగడాయన పెరటి తలుపు వైపు చూపించి, "ఆ ఇంట్లోంచి ఏస్తే సరిపోతాదన్నా. ఒక మాట అడుగు" అన్నాడు.

నేను అడగలేదు. సోమవారం మున్సిపాలిటీకి పోయి పొడుగు పైపున్న బండి కావాలని అర్జీ ఇచ్చాను. నాలుగు రోజులకు నా అర్జీ పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. బండి రాలేదు. మళ్లీ సోమవారం పోతే, "వచ్చినావా అన్నా? నీ కాయితాలకే ఒక బీరువా కొనాల మేము" అన్నాడు గుమాస్తా.

ఆ రోజుల్లో నేను పొద్దున్నే బస్టాండు మరుగుదొడ్డి దాకా పోయి వచ్చేవాణ్ణి. అమ్మ అంత దూరం నడవలేదు. ఇంట్లో పోతే ప్రతిసారీ నేను కర్రతో, బకెట్టుతో నిలబడాలి. ఒక మధ్యాహ్నం ఆమె మళ్లీ గోడ పట్టుకొని లేచింది. నేను విసుగ్గా ఏదో అన్నాను. ఆమె మళ్లీ కూర్చుంది.

తరువాతి వారం అమ్మకు మూత్రంలో మంట, చలిజ్వరం. పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ చీటీ రాస్తూ అడిగింది.

"నీళ్లు తాగుతాండావా పెద్దమ్మా?"

"తక్కువే తాగుతాండా."

"ఎందుకు?"

"తాగొద్దన్న్యారు."

"ఎవరు?"

అమ్మ నా వైపు చూడలేదు. "ఆళ్లగడ్డలో మా ఇంటామె" అంది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ మధ్యాహ్నం నేనన్నది. "ఇప్పుడే గదమ్మా పోయినావు. నీళ్లు రోంత తక్కువ తాగు."

అమ్మను ఆసుపత్రిలో చేర్చి, ఆ సాయంత్రం అంగడి ముందర నిలబడ్డాను. ఆయన తక్కెడ దించి, "ఏం కావాల్నప్పా? మెట్టు ఉండింటే ఎక్కొచ్చేటోనివి, ఇప్పుడు ఆడ్నుంచే చెప్పు" అన్నాడు. చెప్పాను. "శుక్రారం మాత్రం వద్దు, మా ఆడోళ్లు ఒప్పరు. రేపే ఏసుకో. అడిగింటే ఆ పొద్దే ఇడ్సేటోన్ని" అన్నాడు. ఆ చివరి మాట నిజమో కాదో నాకు తెలియదు. అడగలేదు కాబట్టి తెలుసుకునే దారి కూడా లేదు. మరుసటి రోజు వాళ్లావిడ గడపల మీద గోనెసంచులు పరిచింది. పైపు వాళ్ల నట్టింట్లోంచి పోయింది. పొద్దెక్కేలోపు గుంత ఖాళీ అయింది.

అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చాక గ్లాసు నిండా నీళ్లు ముంచి ఇచ్చాను. ఎత్తిపట్టి సగం తాగి ఆపింది.

"తాగమ్మా, ఇప్పుడేం ఇబ్బంది లేదు."

"దప్పిక లేదులే నాయనా" అని, మిగిలిన నీళ్లు బిందెలో పోసి మూత పెట్టింది. ఇప్పటికీ అంతే.