అత్తయ్యగారి కాలి దగ్గర ఆగిన చుక్క

మా వీధిలో ఎవరైనా దెయ్యాల కథ ఎత్తుకుంటే ముందు లేచి వెళ్లిపోయేది నేనే. మండపేటలో మా ఆయన పనిచేసే రైస్ మిల్లులో, తవుడు గదిలో తెల్లచీర కనబడుతోందని ఆడవాళ్లు పనిలోకి రావడం మానేస్తే నేనే వెళ్లి చూశాను. కిటికీ ఊచకి తగులుకున్న ఖాళీ సంచి అది. పెద్దగా చదువుకోలేదు కానీ చూసింది మర్చిపోయే మనిషిని కాను. ఇదీ నేను చూసిందే.

మా అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి మాట పోయింది. కాళ్లూ చేతులూ కదలవు. మేం చెప్పేది ఆవిడకి తెలుస్తోందో లేదో డాక్టర్లూ తేల్చలేదు. దాహమో, నొప్పో మేమే ఊహించుకుని చేసేవాళ్లం. మా ఊహ తప్పితే ఆ బాధంతా ఆవిడే పడాలి. ఆ దిగులుతో నాకు అన్నం సయించేది కాదు.

మా ఆడపడుచు కూతురు శ్రావణి హైదరాబాదులో ఇంజనీరు. తలకి కట్టుకునే కళ్లజోడు పెట్టెలు తయారుచేసే చోట దాని ఉద్యోగం. లోపల కంటికెదురుగా చిన్న తెరలుంటాయి. మనిషి ఎటు చూస్తున్నాడో కనిపెట్టే ఆవగింజంత కెమెరాలని ఆ తెరల్లోనే ఇమడ్చడం దాని పని. మనం ఎక్కడ చూస్తే అక్కడికి ఒక ఎర్ర చుక్క వస్తుంది. అదే లాప్‌టాప్‌లో పక్కవాళ్లకీ కనబడుతుంది. పెద్దవాళ్ల కళ్లని యంత్రం సరిగా పట్టుకోవడం లేదని, అమ్మమ్మ కళ్లకి పెట్టి పరీక్షిస్తానని ఒకటి పట్టుకొచ్చింది.

కళ్లకి కెమెరా పెడతానని ముందే చెప్పింది కదా. నేను పొద్దున్నే అత్తయ్యగారికి తల దువ్వి, ఇంట్లో పట్టిన ఆముదం కాటుక రెండు కళ్లకీ దట్టంగా దిద్దాను. తీరా పెట్టె కట్టాక చుక్క తెరంతా గంతులేసింది.

శ్రావణి పెట్టె తీసి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. “అమ్మమ్మకి పెళ్లిచూపులనుకున్నావా ఏంటత్తా?”

“ఫోటో తీస్తానన్నావు కదే.”

“కంటి నల్లగుడ్డు వదిలేసి ఇది నీ కాటుకని చూస్తోంది.”

కొబ్బరినూనెతో కాటుకంతా తుడిచాం. మళ్లీ కట్టాక తెర మీద మా అందరి ఫోటోలూ పెట్టి, “అమ్మమ్మా, మీ కోడలెక్కడ?” అని అడిగింది. చుక్క నెమ్మదిగా జరిగి నా మొహం మీద నిలబడింది. మా ఆయన ఏరంటే ఆయన మీదకి వెళ్లింది. మా ఆయన గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. ఇన్నాళ్లూ ఆవిడకి అన్నీ తెలుస్తూనే ఉన్నాయన్నమాట.

తర్వాత నీళ్లు, ఫ్యాను, దిండు, నొప్పి అని బొమ్మలు పెట్టింది. ఏ బొమ్మని కాసేపు చూస్తే అది తెరుచుకుంటుంది. అప్పటికే అత్తయ్యగారు అలిసిపోయారు. చుక్క పోయింది, సన్నగా గురక వినబడింది. కదిపితే లేస్తారని పెట్టె అలాగే ఉంచాం. శ్రావణి కాఫీ తాగుతోంది. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను.

చుక్క మళ్లీ వచ్చింది. ముందు నేనే చూశాను. తిన్నగా నొప్పి బొమ్మ మీదకి వెళ్లి ఆగింది. నొప్పి ఎక్కడో చూపించడానికి పెట్టిన మనిషి బొమ్మ తెరుచుకుంది. చుక్క కిందకి దిగి ఎడమకాలి పిక్క దగ్గర, మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. గురక ఆగలేదు.

దుప్పటి తీసి చూశాను. ముందురోజు సాయంత్రం మామూలుగా ఉన్న పిక్క ఉబ్బి, ముట్టుకుంటే కాలిపోతోంది. పక్కింటివాళ్ల కారులో రాజమండ్రి తీసుకెళ్లిపోయాం.

డాక్టరు చూస్తూనే, “కాలు పిసికారా?” అని అడిగారు.

“ఈరోజు ఇంకా లేదండి. సాయంత్రం నూనె రాసి పిసుకుతానండి.”

“పిసికి ఉంటే లోపలి రక్తపు గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయేదమ్మా. మనిషి దక్కేది కాదు.”

ఆవిడకి హాయిగా ఉంటుందని రోజూ గట్టిగా పిసికేదాన్ని.

అత్తయ్యగారికి గండం గడిచాక శ్రావణి లాప్‌టాప్‌లో ఆ పూట యంత్రం తీసిన కంటి బొమ్మలు చూసింది. తర్వాత నాకు చూపించింది. చుక్క నొప్పి మీదకి వెళ్లినప్పుడూ, కాలి దగ్గర ఆగినప్పుడూ అత్తయ్యగారి రెండు రెప్పలూ మూసే ఉన్నాయి.

“కన్ను మూస్తే చుక్కే రాకూడదత్తా,” అంది.

మిగిలిన కాటుక వల్లేమోనని తన రెప్పలకి పూసుకుని, కళ్లు మూసుకుని చూసింది. చుక్క మిడతలా ఎగిరింది తప్ప ఎక్కడా నిలవలేదు. ఆఫీసులో పెద్దవాళ్లకీ చూపించింది. ఎక్కడో పొరపాటు ఉంటుందన్నారట. ఎక్కడో మాత్రం వాళ్లకీ దొరకలేదు.

అత్తయ్యగారు ఇంటికొచ్చారు. ఔనంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు రెప్పలు ఆర్పడం అలవాటు చేసుకున్నాం. ఇప్పుడు పులుసులో ఉప్పు చాలిందో లేదో కూడా ఆవిడే తేలుస్తారు. చాలా పూటలు చాలలేదనే తేలుస్తారు.

ఒక మధ్యాహ్నం అన్నం పెట్టి మూతి తుడుస్తూ అడిగాను. “ఆవేళ కాలు నొప్పని చెప్పింది మీరేనా అత్తయ్యా?”

రెప్పలు రెండుసార్లు ఆర్పారు.

“మరి ఎవరండీ?”

దానికి ఔననీ కాదనీ చెప్పడానికి లేదు.

అది ఏంటో నాకు ఈరోజుకీ తెలియదు. పేరు తెలియకపోయినా, పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు దానికో దణ్ణం పెట్టుకుంటాను.