మా మామ కంబళిలో నేను

మొన్న ఒక పూట నేను మా మామనైపోయినాను. నవ్వకండి, నిజం. తలపాగా చుట్టి, కంబళి కప్పుకుని, గుర్రమెక్కి కోడుమూరు దాకా పోయి వచ్చినాను. దారి పొడుగునా నాకు దండాలే దండాలు. ఆ దండాలు ఎందుకు పెట్టినారో ఇంటికొచ్చినాక గానీ తెలియలేదు.

ముందు నుంచీ చెప్తాను. మా ఆయన కర్నూల్లో గుమాస్తా. రాజధాని అయినాక అక్కడ ఆఫీసులే గుడారాల్లో నడుస్తుంటే ఇంక గుమాస్తాలకు ఇళ్ళు ఎక్కడ దొరుకుతాయి? ఆయన నలుగురితో కలిసి ఒక గదిలో సర్దుకున్నాడు. నేను కోడుమూరు పక్కన పల్లెలో అత్తామామల దగ్గర ఉన్నాను. ఊరికే కూర్చోలేక టీచర్ ట్రైనింగుకు అప్లికేషను పెడితే కడపలో సీటొచ్చింది. వచ్చేదీ లేనిదీ వెంటనే జాబు రాయమన్నారు. వస్తానని రాసి, కవరు అంటించి, స్టాంపు కూడా వేసి పెట్టుకున్నాను.

మామ సరేనన్నాడు. మా ఆయన సరేనన్నాడు. మా అత్త మాత్రం "చూస్తాం" అన్నది. మా ఇంట్లో అందరి సరే ఒక ఎత్తు, మా అత్త చూస్తాం ఒక ఎత్తు. మూడు రోజులుగా ఆ కవరు పంచాంగం కిందే పడి ఉంది. ఆమెకు ఎక్కడ కోపమొస్తుందోనని నేను అడుగు కూడా మెత్తగా వేస్తున్నాను. నోరు మాత్రం నా మాట వినదు కదా, రోజుకొక వాదన అయితే జరుగుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే మామకు దగ్గు పట్టుకుంది. ఈ చలిలో లాయం వైపు తొంగి చూసినా ఒప్పుకోనని అత్త కట్టడి చేసింది. నాకైతే పాత కట్టడే ఒకటుంది, ఆ గుర్రం దగ్గరికి నేను పోకూడదు. దాని పేరు నవాబు. పేరుకు తగ్గ పొగరు. మామ కంబళి కనపడితే తప్ప ఎవరినీ దగ్గరికి రానీదు. పోయినేడు మా జీతగాణ్ణి ఒక్క తన్ను తంతే వాడు గడ్డివాములో తేలినాడు.

మొన్న తెల్లవారుతుండగా మామ గుసగుసగా పిలిచినాడు.

"అమ్మా సరోజా, నవాబు నిన్నట్నుంచి ఉలవలు ముట్టల్యా. నా కంబళి కప్పుకోని పో. ఆ వాసనకు నేనే అనుకుంటాది. మీ అత్త లేసేలోపల వచ్చెయ్, తల్లీ."

నేను పుట్టింట్లో పన్నెండేళ్ళు వచ్చేదాకా మా నాయన గుర్రమెక్కి తిరిగినదాన్ని. ఆయన మాట పూర్తి కాకముందే కంబళి అందుకున్నాను.

ఆ పొద్దు చలి అంతా ఇంతా కాదు. మంచుకు ఎదురిల్లు కనపడలేదు. చీర గోచి పోసి కట్టినాను. దాని మీద మామ పంచె, పంచె మీద ఆయన మిలిట్రీ కోటు, ముఖానికి మఫ్లరు, తలకు పాగా, అన్నిటి మీదా ఆ గొర్రెబొచ్చు కంబళి. చేతులకు గాజులున్నాయి, గలగలమంటే గుట్టు రట్టు. మా ఆయన సాక్సుల జత దండెం మీద కనపడితే మోచేతుల దాకా లాగి తొడిగినాను. చలికి చలీ ఆగింది, గాజులూ దాగినాయి. నా తెలివికి నేనే మురిసిపోయినాను. కాళ్ళకు మామ చెప్పులు. గోడ అద్దంలో ఎద దాకా చూసుకుంటే అచ్చంగా మా మామే. మీసాల సంగతి మఫ్లరు చూసుకుంటుందిలే అనుకున్నాను.

నవాబు కంబళిని రెండుసార్లు వాసన చూసి తల దించేసింది. నా గుండె ఎంత పొంగిందో. గుగ్గిళ్ళు పెట్టినాను, లద్దె ఎత్తి పారబోసినాను, వీపు మీద మాలీసు మొదలుపెట్టినాను. అది తింటూ తింటూ నా భుజం మీద తుమ్మింది, అదొక మర్యాద. ఇంక పోదామనుకునే సరికి వెనకనుంచి మాట వినపడింది.

"ఏమయ్యా, సావల్లనే ఉండాదా నీకు?"

మా అత్త. చేతిలో లాంతరు. దాన్ని నేల మీద పెట్టి, గడప మీద తీరిగ్గా కూర్చుంది. నేనని తెలిసిందా, గుర్రం దగ్గరికి పోయినందుకు ఒకటి, వేషం కట్టినందుకు ఇంకొకటి, కవరు ఇంక పంచాంగం కింద చెదలకే. వెనక్కి తిరగకుండా, మామ మాదిరి గొంతు పెట్టి దగ్గినాను.

"దగ్గు, బాగా దగ్గు. చెప్తే వినేవాళ్ళు ఈ ఇంట్లో ఎవరుండారు? నీకు తగినట్లే వచ్చింది కోడలు. ఆ పిల్ల కెలికిన సంగటి ఉండాదే, నాలుగేండ్లాయె, ఇంకా ఉండలే."

ఉండలా! ఆమెకు పళ్ళు కదులుతున్నాయని రోజూ విడిగా మెదిపి పెట్టేది ఎవరు? నోటిదాకా వచ్చింది. దగ్గినాను.

"పేపరు చదువుకుంటా పాలు పొంగిస్తాది."

ఆ పొద్దు సూదిలో దారం ఎక్కించమని పిలిచింది ఎవరు? ఇంకా గట్టిగా దగ్గినాను.

"ఒక మాటంటే పది మాటలు. అదేం నోరయ్యా? రాత్రికి సానబట్టి పెట్టుకుంటాదేమో."

దీనికి మూడుసార్లు దగ్గినాను. చెప్పుకుంటూ పోయింది. ముగ్గు వంకర, కొప్పు వంకర, ఉతికిన గుడ్డలు పిండేది రాదు. నాలుగేళ్ళ చిట్టా. నవాబు తినడం కూడా ఆపి వింటోంది. నాకు మాత్రం గొంతులో జవాబులు కుక్కినట్లున్నాయి.

అంతలో ఆమె గొంతు తగ్గించింది.

"సరేగానీ, ఆ పిల్లను కడపకు పంపుదామా వద్దా? నువ్వేమంటే అది. పంపేదుంటే తల ఊపు. వద్దంటే దగ్గు."

ఇంతసేపూ దొంగ దగ్గు దగ్గినానా, సరిగ్గా ఆ నిమిషానికి కంబళి బొచ్చు గొంతులో పడింది. నిజం దగ్గు! ఎక్కడో పొట్టలోనుంచి లేచి వస్తోంది. పళ్ళు బిగబట్టినాను. కళ్ళలో నీళ్ళు కారిపోతున్నాయి. నవాబు జూలు రెండు చేతులా పట్టుకుని తల ఊపినాను. పైకీ కిందికీ ఊపినాను, పాగా జారేదాకా ఊపినాను.

"చాల్లే, మెడ ఊడేను" అన్నది అత్త. లేచి, కొంగులోనుంచి నా కవరే తీసింది. "అయితే నువ్వే కోడుమూరు పొయ్యి పోస్టు డబ్బాలో ఏసి రా. గుర్రానికీ కాళ్ళు సాగుతాయి."

దగ్గుతో కళ్ళు మూసుకుపోయినవాణ్ణి గుర్రమెక్కి పొమ్మంటుందేమని నాకు ఒక్క క్షణమైనా అనుమానం రావద్దూ? రాలేదు. కవరు చేతికి అందితే ఇంక బుర్ర ఎక్కడ పనిచేస్తుంది. ఆమె ఇంట్లోకి పోగానే కడుపారా దగ్గి, జీను బిగించి ఎక్కేసినాను.

పదేళ్ళ తర్వాత గుర్రమెక్కడమంటే ఏమో అనుకున్నాను. కళ్లెం పట్టుకోగానే అన్నీ గుర్తొచ్చినాయి. నవాబు ఊరు దాటగానే పరుగందుకుంది. కందిచేల మీద మంచు, చెవుల్లో గాలి, కోటు జేబులో కడప కవరు. సంతోషానికి పాట పాడదామనుకుని, మామనని గుర్తొచ్చి ఆగిపోయినాను.

ఎదురొచ్చిన ప్రతివాడూ నిలబడి "దండాలు రెడ్డీ" అంటున్నాడు. అనేసి తల బాగా కిందికి దించుకుంటున్నాడు. కొందరు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అబ్బ, మా మామకు ఎంత గౌరవం ఉంది ఈ దారిలో, మాకు తెలియనేలేదే అని ఠీవిగా మెడ నిక్కించినాను.

డబ్బాలో కవరు వేసేసరికి పొద్దు బాగా ఎక్కింది. మా పక్క చలి సంగతి మీకు తెలుసు కదా, పొద్దెక్కేదాకా వణికిస్తుంది, ఎక్కినాక ఎండ మాడుస్తుంది. కోటు, కంబళి, మఫ్లరు, పాగా. ఒక్కటి విప్పితే గుట్టంతా బయటే. తిరుగు దారిలో చెమట ఒళ్ళంతా కారింది. తడిసిన కంబళి వాసనకు నవాబే ముఖం పక్కకు తిప్పుకుంది.

ఇంటి ముందు కళ్లెం బిగపట్టి చూద్దును గదా, అరుగు మీద మామ కూర్చుని మిరియాల కషాయం తాగుతున్నాడు. పక్కన అత్త. గుర్రం మీద మామను నేను, అరుగు మీద మామ ఆయన. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. పాపం, ఆయనే ముందు తల దించుకున్నాడు.

"దిగమ్మా రెడ్డీ, దిగు" అన్నది అత్త. "అవునుగానీ, మీ మామ కాళ్ళకు మెట్టెలు ఎప్పుడు పెట్టినారు?"

కిందికి చూసుకున్నాను. రికాబుల్లో రెండు కాళ్ళు. మామ చెప్పుల్లోనుంచి నా వెండి మెట్టెలు ఎండకు తళతళలాడుతున్నాయి. గుర్రమెక్కితే కాళ్ళు సరిగ్గా ఎదుటివాళ్ళ కళ్ళకు ఎదురుగా ఉంటాయి కదా. తలలు దించింది గౌరవంతో కాదు.

"లాయంలోనే చూసినావా, అత్తా?"

"లాంతరు కింద పెట్టంగనే."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా."

"చెప్తే నువ్వు మాట్లాడతావు గదా. నాలుగేండ్లకు ఒక పూట దొరికినావు, నోరెత్తకుండా. అంతా చెప్పేసుకున్నా. కడుపు శానా చల్లగా ఉండాది."

నాకు సిగ్గు ఒక పక్క, భయం ఒక పక్క. "మరి జాబు..." అన్నాను.

"డబ్బాలో పడిందాన్ని ఇంక ఎవరు తీస్తారు?" అని నా చేతుల వైపు చూసింది. చెమటకు తడిసి వేలాడుతున్న మా ఆయన సాక్సుల వైపు. "కాళ్ళకు ఏసుకునేవి చేతులకు ఏసుకున్నావు. నువ్వు పిల్లోళ్ళకు ఏం చెప్తావే? ముందు పొయ్యి నువ్వు నేర్చుకోని రా."

అందుకే కడపకు, మీ హాస్టలుకు వచ్చినాను. చూడండి, ఈ పొద్దు సాక్సులు కాళ్ళకే వేసుకున్నాను.