గోడ పక్కన మనిషి

రత్నాకర్‌కు ఒక పిచ్చి ఉంది. ఏ పాత కట్టడం బొమ్మ గీసినా, గోడ పక్కన ఒక మనిషిని నిలబెట్టాల్సిందే.

"మనిషి లేకుంటే గోడ ఎంత ఎత్తో ఎట్ల తెలుస్తది?" అంటాడు.

మొయినాబాద్‌లో ఫామ్‌హౌస్‌లకు ఇనుప గేట్లు చేస్తాడు. పని లేనప్పుడల్లా బస్సెక్కి పాత గుళ్లు, చర్చిలు, తెల్లదొరల కాలం బంగళాలు వెతుక్కుంటూ పోతాడు. శంకర్‌పల్లిలో గోబీపువ్వు మూటతో రైలుకు పోతున్న సంగయ్య అనే రైతును బంగళా ముందు నిలబెట్టాడు. రైలు వెళ్లిపోయింది. "రైలు ఇంకోటొస్తది, ఈ ఎండ మళ్ల రాదు" అన్నాడు. ఒక గుడి దగ్గర పూజారిని నిలబెడితే కాకి వచ్చి నెత్తిన వాలింది. కాకిని కూడా కదలొద్దన్నాడు.

నిలబడితే సరిపోదు. "జర అవుతలికి!" అని కేకేస్తాడు. జరిగితే, ఇంకా అవుతలికి అంటాడు.

అట్లాంటివాడు చేవెళ్లలో రాతి చర్చి గీయడానికి వచ్చి, పక్కింటి మారెమ్మను మంచినీళ్లు అడిగాడు. ఆమె నీళ్లతో పాటు తన గోడు కూడా పోసింది. పక్షవాతం వచ్చి తగ్గినా భర్త బీరయ్య మంచం దిగడం లేదు. నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని దవాఖానలో చెప్పారు. "కట్టె పట్టుకొని బజార్ల నడిస్తే నవ్వుతరట తమ్మీ. బతిమాలిన, తిట్టిన, చాయ్ బంద్ చేసిన. ఇనడు."

రత్నాకర్ విన్నట్టే లేడు. పెన్సిల్ చెక్కుకుంటూ లోపలికి తొంగి చూశాడు.

"అన్నా, లే! ఈ చర్చి తలుపు ఎత్తుకు ఊర్ల నువ్వొక్కడివే సరిపోతవ్."

"కట్టె లేంది నిలబడలేను."

"తెచ్చుకో. కొలతకు ఇంకా మంచిగుంటది."

ఆరడుగుల బీరయ్యకు ఆ మాట నచ్చింది. లేచాడు.

మర్నాడు సాయంత్రం రత్నాకర్ మళ్లీ దిగాడు. నీడ తప్పిందట. ఆ మర్నాడు మబ్బట. రోజుకొక వంక. తలుపు దగ్గరి మనిషి కిటికీ దగ్గరికి, అక్కడి నుంచి గంటగోపురం మూలకు జరిగాడు.

"జర అవుతలికి!"

"బొమ్మ గీస్తున్నవా, ఎడ్లు తోలుతున్నవా?" అని బీరయ్య తిట్టేవాడు. తిడుతూనే జరిగేవాడు.

ఒకనాడు మొగుడు చెమటలు కక్కుతూ చర్చి వెనక్కి పోవడం మారెమ్మ చూసింది. చీపురుతో ఉరికి వచ్చింది.

"పానం బాగలేని మనిషిని గిట్ల సతాయిస్తవా? ఇనుము కాల్చి కాల్చి నీ గుండె గూడ ఇనుమైందా?"

"జర ఆగు వదినా. అన్న చేతిల ఏమున్నదో చూడు."

చర్చి చుట్టూ తిరిగి బీరయ్య ఇటు మూల నుంచి గొణుక్కుంటూ వస్తున్నాడు. చేతిలో ఏమీ లేదు. చేతికర్ర తలుపు దగ్గరే గోడకు ఆనించి ఉంది. ఆ సంగతి అతనికే గుర్తు లేదు.

మారెమ్మ ఎత్తిన చీపురు దించి, ఏం చేయాలో తోచక చర్చి మెట్లు ఊడవడం మొదలుపెట్టింది. కాసేపటికి అడిగింది.

"మరి బొమ్మెప్పుడైతది తమ్మీ?"

"చర్చి మొదటినాడే అయిపాయె. మనిషే బాకీ ఉండె."

ఇప్పుడు బీరయ్య, రత్నాకర్ ఇద్దరూ కలిసే బస్సెక్కుతున్నారు. మొన్న ఒక బంగళా ముందు రత్నాకర్ కూర్చుని నోరు తెరవబోయాడు. గోడ దగ్గర నిలబడ్డ బీరయ్య అంతకంటే ముందే అరిచాడు:

"నా కాళ్ల మీద నీ నీడ పడుతున్నది. నువ్వే జర అవుతలికి జరుగు!"